పాతరలోకి దించిన బీరు

మా మరిది బీరు పులిసే డ్రమ్ముకు చెవి ఆనించి, లోపలి బుడగల చప్పుడు వింటూ కళ్లు మూసుకునేవాడు. బెంగళూరులో బీరు తయారుచేసేచోట పనిచేసినప్పుడు అబ్బిన అలవాటది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నూకగా విసిరి, వేడినీళ్లలో నానబెట్టి వడగట్టేవాడు. ఆ నీళ్లలో హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలిపేవాడు.

"లాగరు బీరుకు చల్లదనం కావల్ల వదినా. తొందరపెడితే చెడిపోతాది," అనేవాడు.

ఓర్వకల్లు ఎండల్లో చల్లదనం ఎక్కడిది? మా దొడ్లో ఒకప్పుడు జొన్నలు దాచిన పాతర ఉంది, నిలువెత్తు లోతు గొయ్యి. డ్రమ్మును అందులోకి దించాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, విని వస్తానంటూ పాతర మీది బండ జరిపి నిచ్చెన మీద కాలు పెట్టాడు. మా వైపు దీపం దించి చూడకుండా ఎవరూ పాతరలోకి దిగరు. గాలి చెడితే దీపం ఆరిపోతుంది, మనిషైనా అంతే.

"ఉండప్పా, దీపం దించల్ల," అన్నాను.

"జొన్నలుంటే కదా గాలి చెడేది? ఈడ ఉండేది బీరు. నీకు శానా భయం వదినా," అని నవ్వాడు.

ఒక చేత్తో అతని చొక్కా పట్టుకునే, తాడుకు కట్టిన దీపం దించాను. డ్రమ్ము మూత దాకా పోకముందే ఆరిపోయింది. పైకి లాగితే అతనే అగ్గిపుల్ల గీసి మళ్లీ వెలిగించాడు. దించితే మళ్లీ ఆరింది. బీరు పులుస్తూ వదిలిన గాలి గొయ్యంతా నిండిపోయింది.

అతను కాలు పైకి తీసుకున్నాడు.

"నిన్న నువ్వు ఊర్లో లేనప్పుడు ఒక్కణ్ణే దిగితి వదినా. తల తిరిగింటే ఎండకనుకుంటి."