కాళ్లెత్తండి

కర్టెన్లావిడ ఎవరింటికైనా కిటికీల కొలతలు తీసుకోవడానికి వెళ్తే ముందు కిటికీల వంక చూడదు. తలుపుల వెనక చూస్తుంది. మెట్ల కింద చూస్తుంది. ఇంటివాళ్లు మంచినీళ్లు తేవడానికి అలా లోపలికెళ్లారో లేదో, స్టోరు రూము తలుపు ఓరగా తీసి తొంగిచూస్తుంది. అక్కడ దుమ్ము కొట్టుకుపోయి, సంచి వేలాడేసుకుని, గోడకి ఆనుకుని ఒక పాత వ్యాక్యూమ్ క్లీనర్ కనబడిందంటే ఇక ఆ రోజు కిటికీల కొలతలు సరిగ్గా రావు.

"ఆ మూల నిలబడ్డాయన ఎవరండీ?" అని అడుగుతుంది.

ఇంటివాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతారు. మనిషెవరూ లేరని తేలాక గుండెలు నిమురుకుని, "అదా! పాడైపోయిందండీ, పారేద్దామనుకుంటున్నాం" అంటారు. పారేద్దాం అన్న మాట చెవిన పడితే చాలు, ఆవిడ మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోతుంది. ఆ మిషన్ని చంటిబిడ్డలా భుజానేసుకుని, బస్సెక్కి, దాన్ని కిటికీ పక్క కూర్చోబెట్టి మరీ ఇంటికి తెచ్చుకుంటుంది. కొలతల టేపు మాత్రం వాళ్లింట్లోనే మర్చిపోతుంది.

అన్ని రకాలూ ఆవిడ కంటికి ఆనవు. చక్రాల మీద వెనకాల దొర్లుకుంటూ వచ్చే డబ్బా రకాన్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఆవిడకు కావాల్సింది మనిషిలా నిటారుగా నిలబడేది. పొడుగు పిడి, పిడికి వేలాడే గుడ్డ సంచి, నేలను కరుచుకున్న తల, ఆ తలలో రబ్బరు బెల్టు తిప్పితే గిర్రున తిరిగి తివాచీని దబదబా బాదే బ్రష్షు. ఆ బాదడమే అసలు పని అంటుంది ఆవిడ. పీల్చుకోవడం ఎవడైనా పీల్చుకుంటాడట, దుమ్మును లేపడంలో ఉందట గొప్ప.

వెనక గదిలో గోడ పొడుగునా ఫోటోకి నిలబడ్డ చుట్టాల్లా ఉంటాయవి. పేర్లు కూడా చుట్టరికాలే. ముందు లైటు, మీద రంగురంగుల బొత్తాలు, హడావుడి తప్ప పని లేనిది కొత్తల్లుడు. కనబడిందల్లా, ఆఖరికి మేజోళ్లు కూడా మింగేసి, ఆ తర్వాత అరగక మూలిగేది మేనత్త. మీట నొక్కాక కాసేపు ఆలోచించి గానీ కదలని పెద్దమనిషి బాబాయి. ఇక గది నడుమ, కిటికీ వెలుతురు సూటిగా పడే చోట, ఎవరూ ముట్టుకోకూడదన్నట్టు విడిగా నిలబడి ఉంటుంది అత్తగారు.

ఆ పేరు ఉత్తినే పెట్టలేదు. అది నిజంగా అత్తగారిదే. బూడిద రంగు ఇనుప తల, ముదురెరుపు సంచి. ఆ మహాతల్లి బతికున్నన్నాళ్లూ కోడల్ని దాని పిడి పట్టుకోనివ్వలేదు. "నీ చేతికి లొంగదమ్మా అది" అనేది. ఆవిడ ముందుగది ఊడ్చడానికి బయల్దేరితే యుద్ధానికి వెళ్తున్నట్టే ఉండేది. "కాళ్లెత్తండి!" అని ఒక్క కేక పెట్టేది. కూతురూ కొడుకూ, పెద్దవాళ్లయ్యాక కూడా, ఎక్కడ కూర్చున్నవాళ్లు అక్కడ కాళ్లు గాల్లోకి లేపాల్సిందే. కోడలికి మాత్రం ఆ కేక ఎప్పుడూ తగల్లేదు. అత్తగారు ఊడుస్తుంటే కోడలు కూర్చుంటే కదా!

ఆవిడ పోయేనాటికి మిషను మోటారు పట్టేసి మెట్ల కింద పడుంది. సామాన్లు సర్దుతున్నప్పుడు ఆడపడుచు, అంటే భర్తగారి అక్క, కళ్లు తుడుచుకుంటూనే, "దీన్నెవరు మోస్తారే, పాతసామాన్లవాడికి పడెయ్యండి" అంది. కర్టెన్లావిడ తలూపింది. తలూపి, దాన్ని వెనక గదిలోకి మోసుకుపోయింది.

ఆ మిషన్ని బాగుచెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రోజుల్లో గిరాకీ ఎవరైనా ఫోన్ చేస్తే, "ఇప్పుడు కుదరదండీ, అత్తగారిని విప్పి నేల మీద పరిచాను, బిగించాక వస్తా" అనేది. అలా విన్నవాళ్లలో కొందరు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. తుప్పు గీకింది, సంచికి కొత్త అస్తరు వేసింది, బ్రష్షుకి చుట్టుకున్న దారాల్ని కుట్లు విప్పే కొక్కెంతో పొరలు పొరలుగా కోసింది. అట్టడుగున పొడుగాటి తెల్ల వెంట్రుకలు దొరికాయి. అప్పుడు మాత్రం కొక్కెం పక్కన పెట్టి, ఊరికే కూర్చుండిపోయింది.

మొదటిసారి మీట నొక్కిన రోజు చూడాలి. గదంతా దద్దరిల్లింది. ముందుగదిలో వాళ్లాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయన బస్సు డ్రైవరు, రోజంతా హోరులో ఉండి వచ్చే మనిషి. కొత్తల్లుడు అరిచినా, మేనత్త మూలిగినా పేజీ తిప్పుతాడు తప్ప తలెత్తడు. అలాంటిది, అత్తగారి గొంతు లేవగానే పేపరు పేపరుగానే ఉంది, రెండు కాళ్లూ మాత్రం గాల్లోకి లేచాయి. ఆయనకా సంగతే తెలీదు. కర్టెన్లావిడ గుమ్మం పట్టుకుని నవ్వీ నవ్వీ కూలబడిపోయింది. ఆ నాటినుంచి ఆవిడకు ఆ మిషనంటే ప్రాణం. రోజూ ఏదో వంకన దాన్ని మోగించడం, ఆయన కాళ్లు లేవడం, ఈవిడ మనసు కూడా వాటితోపాటే లేవడం!

ఇంత సంబరం ఇంట్లో దాగుతుందా? ఆడపడుచుకు తెలిసింది. ఫోన్ చేసింది.

"అమ్మాయ్, అమ్మ మిషను బాగైందటగా. మాట వరసకైనా చెప్పలేదేం? ఆదివారం వస్తున్నా, తీసుకెళ్తా."

కర్టెన్లావిడ గుండె గుభేలుమంది. కాదనడానికి నోరెలా వస్తుంది? తల్లిది కూతురు అడుగుతోంది. కానీ ఇవ్వడానికి చెయ్యెలా వస్తుంది? నోటికొచ్చింది అనేసింది.

"అది ముసలిదైపోయింది వదినా, మీ ఇంటికి పనికిరాదు. మీరు రండి, అన్నిటికీ పోటీ పెడతాను. ఏది బాగా ఊడిస్తే అది మీరు తీసుకెళ్దురుగాని."

"సరే, చూద్దాం" అంది ఆడపడుచు.

పోటీలు కర్టెన్లావిడకు కొత్తేం కాదు. చిక్కల్లా సరుకుతోనే. అన్ని మిషన్లున్న ఇంట్లో దుమ్మెక్కడుంటుంది, నా మొహం! మంచం కింద వేలితో రాసినా ఏమీ రాదు. అందుకని ఎదురింటి వడ్రంగి దగ్గర అరువు తెస్తుంది.

"అన్నా, కాస్త దుమ్ముంటే పెడతావా?"

"పొట్టు కావాలా, పొడి కావాలా?" అంటాడు వడ్రంగి. ఆయనకలవాటే. ఆ పొట్టులో సన్నటి ఇసుక, దూది, కర్టెన్ల దగ్గర మిగిలిన దారప్పోగులు కలిపి, ముందుగదిలో పరిచిన నీలం తివాచీ మీద చల్లి, చెప్పుల్లేని కాళ్లతో తొక్కి లోపలికి దిగేలా చేస్తుంది. పోటీలన్నీ ఆ తివాచీ మీదే. ప్రతి మిషనూ ఒక్కో పట్టీ ఊడ్చాలి. ఆ తర్వాత తెల్లటి గుడ్డ అద్ది చూడాలి. వడ్రంగే న్యాయనిర్ణేత.

ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేవకముందే, కర్టెన్లావిడ ఒక పాడుపని చేసింది. అత్తగారి తల తిరగేసి, బిగువైన బెల్టు తీసేసి, సొరుగులోంచి సాగిపోయిన పాత బెల్టు తెచ్చి తగిలించింది. ఇక బ్రష్షు తిరగదు. తిరక్కపోతే బాదదు. బాదకపోతే ఓడిపోతుంది. ఓడిపోతే ఇంట్లోనే ఉంటుంది! "తప్పదు, మీరే క్షమించాలి" అని అత్తగారి సంచి తట్టి లేచింది. లేచాక చేతులు రెండుసార్లు కడుక్కుంది.

ఆడపడుచు వచ్చి సోఫాలో తమ్ముడి పక్కన కూర్చుంది. పోటీ మొదలైంది. కొత్తల్లుడు లైటేసుకుని, ఇంజను బయల్దేరినంత ఆర్భాటంగా సాగి, దారప్పోగుల్లో ఒక్కటి కూడా ముట్టుకోకుండా తిరిగొచ్చాడు. "మా అల్లుడు నయం" అంది ఆడపడుచు. మేనత్త దుమ్మంతా తిని, చాలక తివాచీ అంచు కూడా నోట్లో పెట్టుకుంటే, వడ్రంగీ ఆయనా చెరోవైపూ పట్టుకుని లాగారు. బాబాయి ఆలోచిస్తూ ఆలోచిస్తూ మధ్యలో ఆగిపోయాడు. గదంతా పొట్టు. అందరూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. ఆడపడుచు తుమ్ముతూ నవ్వుతోంది, నవ్వుతూ తుమ్ముతోంది.

ఆఖరున అత్తగారు.

మీట నొక్కింది. హోరు లేదు. సన్నగా, పీలగా ఒక ఈల. కర్టెన్లావిడ తోసింది, లాగింది. పొట్టు ఉన్నచోటే ఉంది. వడ్రంగి తెల్లగుడ్డ అద్దాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆడపడుచు నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగి చూసింది.

"ఇది అమ్మదేనట్రా?" అంది తమ్ముడితో. "గొంతు ఇది కాదే. అమ్మది ఇలా ఉండేది కాదు."

"అదేనే అక్కా" అన్నాడాయన. ఆయన మొహం కూడా వాడిపోయింది.

"పోనీలే." ఆడపడుచు వెనక్కి వాలింది. "ఒక్కసారి ఆ చప్పుడు విందామని వచ్చాన్లే. ఊడ్చుకోడానికి కాదు. పోయిన మనిషితోపాటే అదీ పోయినట్టుంది. పాతసామాన్లవాడికి పడెయ్యండి."

గెలుపంటే ఇదే. కర్టెన్లావిడ అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. మిషను తనది. నోరు మూసుకుని దాన్ని వెనక గదిలోకి నడిపించుకుపోతే చాలు. కానీ ఆవిడ కాళ్లు కదల్లేదు. ఎంత మాట! తన చేత్తో నిలబెట్టిన మిషన్ని, తను బొక్కబోర్లా పడుకుని మరీ మర తర్వాత మర బిగించిన మిషన్ని, పడెయ్యమంటారా? ఒంటికి కారం రాసినట్టయింది. ఇంకోవైపు, ఆ వెనక్కి వాలిన మొహం చూస్తుంటే పొద్దున తను చేసిన పాడుపని గుర్తొచ్చింది.

"ఆగండి!" అని అరిచింది.

నేల మీద చతికిలబడి, అత్తగారి తల తిరగేసి, సాగిన బెల్టు పీకి అవతల పారేసింది. జాకెట్టులో దోపుకున్న మంచి బెల్టు తీసి తగిలించింది.

"ఇందాకటి బెల్టు ఎవరు వేశారు?" అంది ఆడపడుచు.

"నేనే."

"ఎందుకూ?"

"మీరు తీసుకెళ్లకుండా!" అంటూనే మీట నొక్కింది.

గది దద్దరిల్లింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తివాచీ మీద దబదబా బాదుకుంటూ అత్తగారు సోఫా వైపు వచ్చింది, పొట్టూ ఇసుకా దారాలూ వచ్చినవి వచ్చినట్టు మాయం. సోఫాలో నాలుగు కాళ్లు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. తలలు నెరిసిన అక్కా తమ్ముడూ మోకాళ్లు గుండెలకు ఆనించుకుని కూర్చున్నారు. ఒకరి కాళ్లు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత అక్క నవ్విన నవ్వుంది చూశారూ, ఆ హోరులో కూడా వినబడింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యేశాడు. వడ్రంగి ఏమీ అర్థం కాక, ఎందుకైనా మంచిదని తనూ ఒక కాలు ఎత్తాడు.

మీట ఆపాక, "ఇది మీదే వదినా" అంది కర్టెన్లావిడ. పిడి మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"దొంగమొహమా" అంది ఆడపడుచు ఆప్యాయంగా.

అంతలో కర్టెన్లావిడకు ఇంకో సంగతి తట్టింది. "అవునూ, మీ ఇల్లంతా నున్నటి రాళ్ల నేల కదూ! తివాచీ ఏదీ?"

"తివాచీ ఎందుకే?"

"దేన్ని బాదుతుంది మరి? తివాచీ లేకపోతే ఆ గొంతు రాదు!"

ఇంకెవరూ మాట్లాడే లోపల ఆవిడ పెద్ద కత్తెర తెచ్చింది. "నా తివాచీ!" అని ఆయన కేకపెట్టాడు. ఆలస్యమైపోయింది. ఇన్నాళ్ల పోటీలు చూసిన నీలం తివాచీని నట్టనడుమ నిలువునా కత్తిరించేసింది. మందపాటి కర్టెన్లు కుట్టే కుట్టు మిషను దగ్గర కూర్చుని, అంచుకు పట్టీ వేసి, చుట్టచుట్టి ఆడపడుచు చేతిలో పెట్టింది. సగం తివాచీ, మొత్తం అత్తగారు, వడ్రంగి కట్టిచ్చిన ఒక పొట్లం పొట్టు. అన్నీ ఆటో ఎక్కాయి.

మర్నాడు వెనక గదిలో కిటికీ వెలుతురు ఖాళీ నేల మీద పడింది. కర్టెన్లావిడ అటు వెళ్లకుండా పొద్దంతా కర్టెన్లు కుట్టింది. సాయంత్రం ఆయనా తనూ బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, తివాచీ పరిచాను, పొట్టు చల్లాను. సరిగ్గా మోగుతోందో లేదో విని చెప్పు."

కర్టెన్లావిడ ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు గొంతు పెంచింది. కీచుమని ఏదో చప్పుడు, ఆ తర్వాత హోరు. దబదబా బాదుతూ, దగ్గరికొస్తూ, దూరమవుతూ. మధ్యలో ఆడపడుచు అచ్చం వాళ్లమ్మలా కేకపెట్టింది.

"కాళ్లెత్తండి!"

ఆయన కాళ్లెలాగూ లేచుంటాయని నవ్వబోతూ కర్టెన్లావిడ బల్ల కిందికి వంగి చూసింది. లేచే ఉన్నాయి. వాటి ఎదురుగా, నేలకు జానెడు ఎత్తున, తన కాళ్లు కూడా లేచి ఉన్నాయి.