నవాబు తొట్టిలో నాలుగు వేళ్ళ ఖాళీ

ఉరవకొండ గోపాలయ్య శెట్టిగారికి ఖాళీ పాత్ర కనబడకూడదు. కనబడిందంటే అందులో నీళ్ళు పడాల్సిందే, అదీ అంచుదాకా. అంగుళం వెలితి ఉన్నా ఆయనకు ఆ పూట అన్నం సహించదు. పైగా ఆయనది సామాన్లంగడి. బిందెలు, తొట్లు, గంగాళాలు అమ్ముకునే మనిషికి ఈ జబ్బు ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొళాయి ఆ వీధికి రోజూ వచ్చేది కాదు. ఎప్పుడో దయ కలిగినప్పుడు వచ్చేది. ఆ రోజు శెట్టిగారు పంచె ఎగగట్టి బరిలోకి దిగేవారు. డ్రమ్ములు, బిందెలు అయ్యాక ఇడ్లీపాత్ర, కుక్కరు, దేవుడి గదిలో పంచపాత్ర. ఒకసారి కొడుకు అనిల్ కుమార్ ఆఫీసుకు ఆలస్యమవుతోందని హడావుడిగా హెల్మెట్ తలకు తగిలించుకుని, గుమ్మంలోనే రెండోసారి స్నానం చేశాడు.

"కాఫీ కాచుకునేకి ఒక్క గిన్నె అన్నా ఖాళీ పెట్టయ్యా సామీ!" అని భార్య సుశీలమ్మ మొత్తుకునేది.

"నీళ్ళుండే గిన్నె ఉండాది గదా, దాంట్లోనే కాచు."

"అది గంగాళం! వీధికంతా కాచాల్నా?"

ఆ ఇంటికి హిందూపురం నుంచి కొత్తకోడలు హేమలత కాపురానికి వచ్చింది. చీరల పెట్టెలన్నీ అనిల్ చేత మోయించింది గానీ, ఒక గాజుసీసాను మాత్రం బస్సులో దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుంది. అందులో ఉన్నది నవాబు. ఫైటర్ చేప అంటారే, ఆ బెట్టా చేప. ఎర్రటి ఒళ్ళు, నీలం అంచు తోక, చూపులో పెళ్ళికొడుకు తరపువాళ్ళ బిగువు. పుట్టింట్లో దాని తొట్టి కారిపోతుంటే, అత్తారింట్లో కొత్తది చూసుకుందామని ఇలా తెచ్చుకుంది. తీరా వచ్చి చూస్తే పడగ్గదిలో కిటికీ కింద కూడా రెండు నిండు డ్రమ్ములున్నాయి. కిటికీ తీయాలంటే డ్రమ్మెక్కాలి. మనుషులకే నీళ్ళు కరువైన చోట చేపకు ఎవరు పోస్తారని ఆమెకు దిగులు పట్టుకుంది.

శెట్టిగారు సీసాను ఎత్తి చూసి నొచ్చుకున్నారు. "పాపం, దీనికి సగమే పోసినారే!" అంటూ చెంబు అందుకున్నారు.

హేమలత చటుక్కున సీసా లాక్కుంది. "వద్దు మామా! దీనికి సీసా కాదు, పెద్ద తొట్టి కావాల. లేకుంటే ఎక్కువ రోజులు బతకదు."

"అంగడి పెట్టుకొని తొట్టికి కరువా తల్లీ? రేపే తెస్తా."

మర్నాడు గుండ్రటి గాజుగిన్నె తెచ్చారు. తోక తిప్పుకునే చోటు కూడా లేదంది కోడలు. ఆ తర్వాత నిలువెత్తు గాజుజాడీ వచ్చింది.

"పొడుగుంటే లాభం లేదు మామా. గాలి కోసం ఇది మాటిమాటికీ పైకి రావాల. అడ్డం వెడల్పుండాల."

వెడల్పు అన్నందుకు రాగి గంగాళం దిగింది.

"రాగి దీనికి విషం మామా."

"రాగి విషమా!" శెట్టిగారు దెబ్బతిన్నట్టు చూశారు. రోజూ తెల్లారి రాగిచెంబు నీళ్ళు తాగే మనిషి ఆయన. చివరికి ఒక నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చారు. చేపను చూడాలంటే టార్చిలైటు వేసి బావిలోకి తొంగిచూసినట్టు చూడాలి. సుశీలమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. ఇక లాభం లేదని ఆయన అనంతపురం పోయి, బిందెన్నర పట్టే పలకల గాజుతొట్టి, దానికి బెజ్జాల మూత తెచ్చారు. అది చూసి కోడలి ముఖం విప్పారింది. నీళ్ళ సంగతి మాత్రం ఎలా అడగాలో తెలియక నసిగింది.

"నీళ్ళు... అప్పుడే పట్టినవి పనికిరావు మామా. కొళాయి నీళ్ళల్లో కలిపే మందు వాసన పోవాల. నిలవ నీళ్ళు కావాల."

శెట్టిగారు గిరుక్కున వంటింటి వైపు తిరిగారు. "నిలవ నీళ్ళా? సుశీలా, విన్నావా? ఇన్నేండ్లకు నిలవ నీళ్ళు కావాల్నని అడిగే మనిషి మనింటికొచ్చింది!"

నవాబు కొత్త మహల్లో దిగాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా కొళాయి వచ్చింది. అత్తాకోడళ్ళు కూరగాయలకు పోయి తిరిగొచ్చేసరికి శెట్టిగారు తొట్టి పక్కన గర్వంగా నిలబడి ఉన్నారు. తొట్టి అంచుదాకా నిండింది. మూత బిగిసింది. డ్రమ్ముల మీద పెట్టినట్టే మూత మీద, బెజ్జాలు మూసేస్తూ, ఒక సన్నికల్లు కూడా ఎక్కింది.

"నిలవ నీళ్ళే పోసినాలేమ్మా! చుక్క వెలితి లేదు, చూడు."

హేమలత సంచి అక్కడే వదిలేసి పరుగెత్తింది. నవాబు మూతకు నోరానించి కొట్టుకుంటున్నాడు. ఆమె రాయి తీసి, మూత లాగి, చెంబుతో నీళ్ళు తోడేసింది. చేప ఒరిగి అడుక్కు జారిపోయింది.

"గాలి మామా! ఇది పైకొచ్చి గాలి పీల్చుకుంటాది. పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాల!"

"నీళ్ళెక్కువైనా... సచ్చిపోతుందా?" అన్నారు శెట్టిగారు. ఆ మాట ఆయన ఎప్పుడూ విని ఉండరు. తొట్టి ముందు చతికిలబడ్డారు.

బయట సుశీలమ్మ కేకేసింది. "కొళాయి వస్తాండాది, లెయ్యయ్యో! బిందె నిండి పోతాండాది!"

"పోతే పోనీ. నువ్వు పట్టుకో."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నోట ఆ మాట వినలేదు సుశీలమ్మ. శెట్టిగారు కాఫీ ముట్టలేదు, అంగడికి పోలేదు. చాలాసేపటికి నవాబు తోక కదిపి, మెల్లగా పైకొచ్చి, గుటుక్కున గాలి మింగి ఒక బుడగ వదిలాడు. "బతికినాడు!" అని శెట్టిగారు వేసిన కేకకు పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

సాయంత్రం పెరటి తలుపు తట్టినట్టయితే హేమలత తీసింది. వేరుసెనగ మిల్లులో పనిచేసే కదిరమ్మ రెండు కడవలతో నిలబడి ఉంది. కొళాయి వచ్చే వేళకు ఆమె ఎప్పుడూ మిల్లులోనే ఉంటుంది. వెనక మరో ఇద్దరు కూడా మిల్లు ఆడవాళ్ళే.

లోపలి నుంచి శెట్టిగారు విసుక్కున్నారు. "వచ్చినావా కదిరమ్మా? ఈ నీళ్ళు పాతబడి సస్తాండాయి. పారబోయాలంటే నా నడుము పడిపోతాది. తీస్కపో, నాకు పనన్నా తప్పుతాది."

"అట్లనే అన్నా," అంటూ కదిరమ్మ కడవ ముంచుకుంది. అవి పొద్దున పట్టిన నీళ్ళని హేమలతకు తెలుసు. అత్త వైపు చూసింది.

"ఇచ్చినట్లుండగూడదంట, పారబోసినట్లుండాలంట," అంది సుశీలమ్మ నవ్వుతూ. "నా కాఫీగిన్నె కూడా నీళ్ళల్లో మునిగేది వీళ్ళ కోసమే."

మర్నాడు హేమలత గదిలోకి వెళ్తే గాలి కొట్టింది. కిటికీ తెరిచి ఉంది. డ్రమ్ములు లేవు. ఆ ఖాళీలో, ఎండ తగలని పక్కన, నవాబు తొట్టి ఉంది.

"డ్రమ్ములేవి మామా?"

"వరండాలోకి మార్చినాంలే, నేనూ అనిలూ." శెట్టిగారు తొట్టిలోని వెలితి వైపు ఒకసారి ఆశగా చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. "కొత్తగా వచ్చినదానివి. నీకు కూడా కొంచెం ఖాళీ ఉండాల గదమ్మా, ఊపిరాడేకి."

హేమలతకు చాలా సంతోషమైంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పూలకూజాను కిటికీలో పెట్టుకుని, పూలు కోసుకురావడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కూజాలో నీళ్ళున్నాయి. పైన మాత్రం నాలుగు వేళ్ళ ఖాళీ వదిలారు.