చిన్నమ్మకు తెలిసిన రెండు దేశాలు

ఈ ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దుతుంటే, ఒక సోషల్ పేపర్లో పేజీ నడుమ స్కేలుతో నిలువుగీత గీసి, ఎడమవైపు భారతదేశం, కుడివైపు జపాన్ అని రాసి, కింద ఏమీ రాయకుండా వదిలేసిన పేజీ ఒకటి తగిలింది. గీత మాత్రం ఎంతో శ్రద్ధగా గీసి ఉంది. గీతకు మార్కులుండవు కాబట్టి సున్న వేశాను. వేసి, పెన్నుకు మూత పెట్టి, మంచినీళ్ల వంకతో బయటికొచ్చి వరండాలో కాసేపు నిలబడ్డాను. పక్క బల్ల మేడమ్ వెనకే వచ్చి "బీపీ గోలీ ఏసుకోలేదా మేడమ్?" అని అడిగింది. వేసుకున్నానని చెప్పాను. ఈ వయసులో మనం ఎందుకు దిగాలుగా నిలబడ్డా జనం బీపీ అనే తేల్చేస్తారు, మనకూ వివరాలు చెప్పే పని తప్పుతుంది. నాకు గుర్తొచ్చింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. మాది సూర్యాపేట శివారు. అప్పటికి ఊరు మా వాడ దాకా పెరగలేదు, ఇంటి వెనక నుంచే ఎర్ర చెలకలు మొదలయ్యేవి. ఆముదాలు, కందులు, జొన్నలు, వాన పడితే పంట, లేకుంటే ఆకాశం వంక చూడటం. చిన్నమ్మను ఇచ్చింది మాత్రం మిర్యాలగూడ దిక్కు, మాడుగులపల్లికి అవతల కాల్వ కింది ఊరికి. సాగర్ నీళ్లు పారే ఊరంటే చాలు, మా దిక్కు ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకేమీ అడిగేవారు కాదు. రెండు పూటలా తెల్లన్నం తింటుందని మా అమ్మమ్మ వాడంతా తిరిగి చెప్పుకుంది. ఆరేళ్లు తిన్నది. ఏడో ఏడు వానాకాలంలో రెండేళ్ల కొడుకు జ్వరంతో పోయాక, ఒక రేకుపెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. చిన్నాన్న రెండుసార్లు వచ్చి, అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. మూడోసారి రాలేదు. పిల్లవాడి సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అసలు ఏం జరిగిందో కూడా మాకు సరిగ్గా తెలియదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాం.

ఎనభైల చివర్లో మా వాడకు అంగన్‌వాడీ వస్తోందని, పది పాసైన ఆడమనిషిని టీచరుగా తీసుకుంటారని తెలిసింది. చిన్నమ్మ తొమ్మిది దాకా చదివి పెళ్లికని బడి మానేసిన మనిషి. వయసు హద్దు దాటడానికి ఏడాది కూడా లేదు. ఆ మార్చిలో పాసైతే ఉద్యోగం, లేకుంటే ఎన్నటికీ లేదు. ప్రైవేటుగా పరీక్షకు కట్టింది. "పొద్దుందాక పోరగాండ్ల నడుమ ఉండొచ్చు గదక్కా" అని మా అమ్మతో ఒక్కసారి అన్నది. అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

లెక్కలు, తెలుగు ఆమె ఎలాగో నెట్టుకొచ్చింది. సోషల్ చెప్పే పని నా మీద పడింది. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నాకంటే తెలివైనవాళ్లు సూర్యాపేటలో లేరనుకునే వయసు. రెండు దేశాల భౌగోళిక, శీతోష్ణ పరిస్థితులు పోల్చే ప్రశ్న ఏటా వస్తుందని, ఇండియా, ఇంగ్లండ్ అని రెండు గడులు గీసి బట్టీ పట్టమన్నాను. బట్టీ పడితే అయిపోయేది. ఆమెకు ప్రతిదీ కళ్లకు కట్టాలి. ఇంగ్లండులో ఏడాది పొడుగునా జల్లులు పడతాయని చదివి వినిపిస్తే, చేటలో బియ్యం ఏరుతూ ఆగి, "మరి ఒరుగులు ఏడ ఎండబెడతరే?" అన్నది. అక్కడ వరి పండదంటే "అయ్యో, సుట్టాలొస్తె ఏం పెడతరు?" అని నిజంగానే బాధపడింది. వాళ్ల చలికి బర్రెలు పాలిస్తాయా అన్న ప్రశ్నకు మా పుస్తకంలో జవాబు లేదు. నాకు నవ్వూ, కోపమూ ఒకేసారి వచ్చేవి. నా పరీక్షలు నెత్తి మీదున్నాయి మరి.

ఒకరోజు మధ్యాహ్నం అట్లాసు ముందు పెట్టుకుని, దేశాల నడుమ గీతల మీద వేలు పోనిస్తూ అడిగింది. "అసలు దేశమంటె ఏంది బిడ్డా? గీడ ఖతమైంది, గాడ ఇంకోటి షురువైందని ఎట్ల తెలుస్తది?"

నేను నా కెమిస్ట్రీ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పాను. "మట్టి వేరు, పంట వేరు, మనుషుల తీరు వేరు. గట్లుంటె వేరే దేశం. ఇగ సదువు చిన్నమ్మా, పరేషాన్ చెయ్యకు."

ఆమె ఆ మాటను మళ్లీ ఒకసారి మెల్లగా పలికి, అట్లాసు మూసి పెట్టింది. నా జన్మలో నేను చెప్పిన మొదటి పాఠం అదే. ఆ తర్వాత ఎన్ని వందల మందికి చెప్పానో గానీ, అంత నమ్మకంగా విన్న విద్యార్థి మళ్లీ దొరకలేదు.

ఆమెకు పరీక్ష సెంటరు కోదాడలో పడింది. సోషల్ రోజు నేను తోడు వెళ్లాను. పొద్దున్నే బస్సులో, చీర కొంగుకు ముడివేసిన హాల్ టికెట్టును పది నిమిషాలకోసారి తడిమి చూసుకుంది. మధ్యాహ్నం గేటు దగ్గర బయటికొచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. "మంచిగ రాసిన బిడ్డా. లోపల కావలున్న సారు సుత మంచోడే, 'పది నిమిషాలే ఉందండీ' అన్నడు. నన్ను పట్టుకొని అండీ అంటున్నడు! గీడ మాట తీరే వేరున్నది. ఇది సుత ఇంకో దేశమేమో" అని నవ్వింది. ఆ మాటకే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

తిరుగు బస్సులో ప్రశ్నపత్రం తీసి చూశాను. 'మీకు తెలిసిన రెండు దేశాల భౌగోళిక, శీతోష్ణ పరిస్థితులను పోల్చండి. ఆరు మార్కులు.' ఇంగ్లండు పూర్తిగా రాశావా అని అడిగాను.

"ఇంగ్లండు నాకేం తెలుసు? తెలిసినయి అని అడిగిండ్రు గద. నాకు తెలిసినయి రెండే. మన సూర్యాపేట, మా అత్తగారి ఊరు. నువ్వు చెప్పినట్టే, మట్టి వేరు, పంట వేరు, మనుషుల తీరు వేరు" అన్నది.

నేను నవ్వాను. చిన్నగా కాదు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత, కండక్టరు ఏమైందని అడిగేంత. ఆమె మొదట నాతోపాటు నవ్వింది, నవ్వాల్సిన విషయమేదో ఉందనుకుని. తర్వాత "తప్పయిందా బిడ్డా?" అని అడిగింది. "తప్పు కాదు చిన్నమ్మా, సున్న" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. చాలా దూరం పోయాక, "ఇంటికి పోయినంక మొత్తం మళ్ల రాసిస్త. నువ్వొక్కసారి సూడు" అన్నది. ఆ సాయంత్రమే రాసిచ్చింది కూడా. నా పరీక్షలయ్యాక చూస్తానని ఆ నోటుబుక్కు అటక మీద పెట్టాను.

ఫలితాలొచ్చిన పేపర్లో ఆమె నెంబరు రాలేదు. సోషల్‌లో నాలుగు మార్కులు తక్కువ. టీచరు ఉద్యోగం పక్క వాడ అమ్మాయికి వచ్చింది. చిన్నమ్మ అదే అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. దానికి పది అక్కర్లేదు. పిల్లలను ఇళ్ల నుంచి తీసుకురావడం, ఉడకబెట్టింది తినిపించడం, ముక్కులు తుడవడం. వాన రోజున ఇద్దరిని చెరో చంకన ఎత్తుకుని, కొంగు కప్పుకుని పరుగెత్తినట్టే నడిచేది. చినుకులకే అంత తొందరేమిటని వాడలో ఎగతాళి చేసేవారు. నేనూ చేశాను. నవ్విన సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు. తొంభైల్లో నాకు సోషల్ టీచరుగానే ఉద్యోగం వచ్చింది. వాడంతా చక్కెర పంచింది ఆమె. తర్వాత రెండేళ్లకు కడుపులో గడ్డ లేచి, సూర్యాపేట దవాఖానలో పోయింది.

పెద్ద దినం అయిపోయాక ఆమె రేకుపెట్టె తీశాం. చీరల కింద ఒక చిన్న చొక్కా, దాని కింద ఆ నోటుబుక్కు. అటక మీంచి ఎప్పుడు తీసి దాచుకుందో తెలియదు. నేనిచ్చిన పాఠం ప్రకారమే స్కేలుతో నిలువుగీత. ఎడమవైపు మొదటి దేశం, కుడివైపు రెండవ దేశం. పంటలు: జొన్న, ఆముదం అటు, ఏడాదికి రెండు వరి పంటలు ఇటు. దోమలు: అటు తక్కువ, ఇటు మిక్కిలి. ఆ తర్వాత రవాణా. పుస్తకాల భాషలో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది. 'మొదటి దేశంలో ఎర్రమట్టి. వాన వెలిసిన గంటకు బండి నడుచును. రెండవ దేశంలో నల్లరేగడి. మూడు దినములు బండి నడువదు. దవాఖాన మిర్యాలగూడలో ఉన్నది. పిల్లవానిని ఎత్తుకొని నడిచినచో సగం దారి వరకు పోవచ్చును.'

అమ్మకు చదివి వినిపిస్తూ, ఆ వాక్యం దగ్గర నోటుబుక్కు మూసేశాను. పదేళ్లు ఒకే ఇంట్లో ఉండి మేము అడగని ప్రశ్నను, ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి ఆరు మార్కులకు అడిగాడు. ఆమె చెప్పింది. దిద్దినాయన సున్న వేశాడు, నేను నవ్వాను.

పేజీ చివర మార్కులు అని రాసి, ఆరు మీద గీత గీసి, గీత పైన నాకోసం ఖాళీ వదిలింది. ఎర్రసిరా పెన్ను చేతిలో పట్టుకునే బతికిన దాన్ని, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ పేజీ ముందు కూర్చున్నానో. ఆరుకు ఆరు వేయడం ఎంతసేపు! కానీ అప్పుడు వేయని మార్కులు ఇప్పుడు ఎన్ని వేసినా, ఆ బస్సు కోదాడ నుంచి ఒక్కసారే వచ్చింది, కిటికీ వైపు తిరిగిన ఆ ముఖం మళ్లీ ఇటు తిరగదు.