నలభై ఎనిమిది సీసాలు

ఆ కుక్కల షెల్టర్‌లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఫినాయిల్ బాబాయి. గేటు దగ్గర ఇంకా మనిషి కనపడకముందే వాసన వచ్చేస్తుంది, ఆ వెనకాలే ఆయన వస్తాడు. ఇంట్లోనూ అంతే. "నీ పక్కన పడుకుంటే ఆసుపత్రి వరండాలో పడుకున్నట్టుంటుందయ్యా" అని ఆయన భార్య ముప్ఫై ఏళ్ళుగా సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు ఆయన ఎప్పుడూ చెవిన పెట్టలేదు.

ఈ శుభ్రం పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఒళ్ళు బద్ధకించి కుక్కల గదుల ముందున్న మురుగు కాలవ కడగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే వరసగా తొమ్మిది కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో పోయాయి. ఆ జబ్బు కాలవలోంచే వచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. అప్పటి మేనేజరు మాత్రం, "నువ్వు కడిగుంటే బతికేవి" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మనిషి జీవితమంతా కడుగుతూనే ఉన్నాడు. నాలుగు వరసలు, వరసకి ఆరు గదులు, రోజుకి రెండుసార్లు. గిన్నెలు, గొలుసులు, గడియలు, ఆఖరికి చీపురు పిడి కూడా బ్లీచింగ్ నీళ్ళలో ముంచి తీసేవాడు. ఆయన కడిగిన నేల మీద ఈగ వాలాలంటే అనుమతి అడగాలి.

ఆఖరి వరస మాత్రం ఎంత కడిగినా బాగుపడలేదు. అందులో ఉన్న ఆరు కుక్కలకీ కడుపు నిండా నులిపురుగులు. మందు వేస్తే పురుగులు పడిపోయేవి, విరేచనాలు మాత్రం ఆగేవి కావు. తిన్నది ఒంటికి పట్టేది కాదు. నెల తిరిగేసరికి మళ్ళీ పురుగులు. ఆ ఆరింటిలో ఒకదానికి ఎప్పుడో ఎవరో కుడి చెవి సగం కోసేశారు. దాన్ని సగంచెవి అనేవారు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేది గానీ, దానికీ బాబాయికీ ఒక విషయంలో బాగా కుదిరింది. కడిగిన నేలని అది పాడుచేసేది కాదు. కడుపులో ఎంత బాధ ఉన్నా బిగబట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. బాబాయి వచ్చి గడియ తీస్తే వెనక మట్టిలోకి పరిగెత్తేది. "మనుషుల్లో కూడా ఇంత బుద్ధున్నవాళ్ళు తక్కువ" అని ఆయన కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఇంట్లో కూడా చెప్తే, "అయితే దాన్నే కట్టుకోకపోయావా" అంది భార్య.

ఇలా ఉండగా షెల్టర్ సెక్రటరీ ఒక మాట తేల్చేశాడు. ఆ వరసనుంచి పురుగులు పక్క వరసలోని కుక్కపిల్లలకి అంటుకుంటున్నాయి, కాబట్టి ఆరింటికీ ఇంజక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేద్దాం అన్నాడు. కుక్కలకి వైద్యం చేసే డాక్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని రెండు నెలల గడువు తెచ్చుకుంది. ఆ మధ్యాహ్నమే బాబాయిని పిలిచి కూర్చోబెట్టింది.

"పేగుల్లో కంటికి కనపడని బాక్టీరియా కోట్లలో ఉంటుంది బాబాయ్. అందులో చాలావరకు మంచివే. తిన్నది అరగడానికి అవే సాయం. పురుగులు చేరాక వాటి తీరు మారిపోయి, పురుగులు పోయినా మళ్ళీ మామూలు కావట్లేదేమోనని నా అనుమానం. అదే నిజమైతే పురుగుల మందు ఒక్కటీ చాలదు, ఆ మంచివాటిని మళ్ళీ నిలబెట్టాలి. పెద్ద ల్యాబు వాళ్ళు పరీక్ష చేసి అవునంటే, సెక్రటరీగారు వైద్యానికి ఒప్పుకుంటానన్నారు."

"అంటే సగంచెవి బతుకుతుందా డాక్టరమ్మా?"

"ఆశ ఉంది."

ప్రతి సోమవారం ఆరు కుక్కల మలం ఆరు సీసాల్లోకి తీయాలి. నేలకి తగిలిన భాగం వదిలేసి, పైనుంచి మాత్రమే తీసి, మూత బిగించి, మంచుపెట్టెలో పెట్టాలి. ఎనిమిది వారాలు, నలభై ఎనిమిది సీసాలు. అన్నీ కలిపి ఒకేసారి ల్యాబుకి పంపుతారు. బాబాయి ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. విన్నది ఒక్కటీ తప్పలేదు. సోమవారం వస్తే తెల్లవారకముందే గేటు దగ్గర ఉండేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆయన చేతిని నమ్మి ఎవరైనా ఒక ప్రాణాన్ని అప్పగించడం అదే మొదలు.

ఎనిమిదో వారం దాటాక, గడువు రేపటితో ముగుస్తుందనగా, ల్యాబునుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ అది రెండుసార్లు చదివింది. తర్వాత వాడకుండా మిగిలిన ఖాళీ సీసాల్లో ఒకటి తీసి, మూత విప్పి వాసన చూసింది.

"బాబాయ్, ఈ సీసాలు కడిగావా?"

"కడగకుండా ఎలా వాడతానమ్మా?" అన్నాడాయన గర్వంగా. "కవర్లో వచ్చాయని నమ్మేస్తామా, ఎవరి చేతులు పడ్డాయో ఏమో. ఒక్కోటీ మూడుసార్లు కడిగాను. పురుగు చేరకుండా అడుగున చెంచాడు బ్లీచింగ్ నీళ్ళు కూడా ఉంచాను."

డాక్టరమ్మ సీసా మూత మళ్ళీ బిగించింది. మెల్లగా చెప్పింది. ఆ సీసాలు ఫ్యాక్టరీలోనే శుద్ధిచేసి మూసినవి. తాను వెతకమన్న బాక్టీరియాని ఆ చెంచాడు నీళ్ళే ఆనవాలు లేకుండా చేశాయి. నలభై ఎనిమిదింటిలో ఒక్కటీ పరీక్షకి పనికిరాలేదు. "కడగొద్దని నేనే చెప్పాల్సింది" అంది. అది ఆవిడ మంచితనం. సీసా కడిగే మనిషి ఉంటాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

"మళ్ళీ తీస్తే?"

"ఇంకో రెండు నెలలు కావాలి బాబాయ్."

బాబాయి తిన్నగా సెక్రటరీ గదికి వెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టేముందు చెప్పులు విప్పి, నిలబడే చెప్పాడు.

"తప్పు నాదండీ. నన్ను తీసేయండి. వాటికి రెండు నెలలు ఇవ్వండి."

సెక్రటరీ చెడ్డవాడేం కాదు. అదే ఇక్కడ కష్టం. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

"నిన్న మూడో వరసలో ఇంకో రెండు పిల్లలకి సోకింది. నాకు మాత్రం ఇష్టమై చేస్తున్నానా చెప్పండి. మిమ్మల్ని తీసేయడమేంటి, మీరు కడగబట్టే మిగతావైనా బతికున్నాయి."

పొగడ్త అంత బాధపెడుతుందని బాబాయికి అంతవరకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కొక్క గదే ఖాళీ అవుతూ వచ్చింది. కొత్తవాళ్ళు పట్టుకుంటే బెదురుతాయని ఆరింటినీ ఆయన్నే పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. సగంచెవి వంతు ఆఖరున వచ్చింది. గడియ చప్పుడు వినగానే అది లేచి, తూలుతూ తలుపు దగ్గరికి వచ్చి, వెనక మట్టి వైపు చూసింది. దానికి బయటికి వెళ్ళాలి.

"ఒక్క నిమిషం డాక్టరమ్మా."

ఎత్తుకుని మట్టిలో దించాడు. అది పని ముగించుకుని, తనంతట తానే తిరిగి గదిలోకి వచ్చి, ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇంజక్షన్ అయ్యేదాకా ఆయన దాని మిగిలిన సగం చెవిని నిమురుతూనే ఉన్నాడు. అది పూర్తిగా సడలిపోయాక, బతికినన్నాళ్ళూ ఒక్కసారీ తడపని ఆ నేల తడిసింది.

"బాబాయ్, ఈ వరస రేపు కడుగుదువు గానీ, ఇంటికెళ్ళు" అంది డాక్టరమ్మ.

సాయంత్రం గుమ్మంలో భార్య రోజూలాగే సబ్బూ చెంబూ పట్టుకుని నిలబడింది. దగ్గరికి రాగానే ముఖం చిట్లించింది.

"అదేంటి, కుక్క వాసనొస్తున్నావు. ఇవాళ చేతులు కడుక్కోలేదా?"

ఆయన చెంబు అందుకోలేదు. అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కడిగింది చాల్లేవే" అన్నాడు.