గోడ పలకని సాయంత్రం

మంగళవారం దీపాలవేళ గోడ పలకలేదు. నాలుగుసార్లు కొట్టాను. వెళ్లి చూడ్డానికి కాళ్లు రాలేదు. పిన్ని పోయిందని నాకలా తెలిసింది. తరవాత డాక్టరు చెప్పింది పాత కబురే.

సొంత పిన్ని కాదు. బెంగాల్లో నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పక్కింటావిడ. శ్రీకాకుళం వైపు నుంచి నాకంటే పదేళ్ల ముందే కాపరానికొచ్చింది. అప్పట్లో మా వరసతోనే ఊరు అయిపోయేది. అవతలంతా తుప్పలు, నక్కలు. మగాళ్లు డ్యూటీకెళ్తే ఆడవాళ్లం తలుపులు బిగించుకు కూర్చునేవాళ్లం.

"నక్కలు మనూర్లో లాగే ఏడుస్తాయే, ఆటితో బయం నేదు. మనిసే తెలీని బాసలో నవ్వుతాడు" అనేది పిన్ని.

ఆ భయానికి ఆవిడ కనిపెట్టిన మందు పచ్చడిబండ. దీపం పెట్టగానే దాంతో గోడ మీద రెండు దెబ్బలు: ఉన్నావా? అవతల నుంచి రెండు: ఉన్నాను. అలా ఇంటి నుంచి ఇంటికి, వరస చివరిదాకా.

కొత్తకోడలినైన నాకు ఈ సంగతెవరూ చెప్పలేదు. మొదటి సాయంత్రం గోడ దద్దరిల్లితే, నా అడుగుల చప్పుడుకి తిడుతున్నారనుకుని మంచం మీద ముడుచుకున్నాను. కాసేపటికి తలుపు మీద బాదుడు. తీస్తే పిన్ని. చేతిలో బండ, కళ్లనిండా నీళ్లు.

"బతికే ఉన్నావేటి? మరి కొట్టవేటే, మొద్దూ!"

బీఏ చదివిన మొద్దుని. ఆ మాట ఆవిడ చివరిదాకా మరవలేదు, నన్ను మరవనివ్వలేదు.

తరవాత బళ్లో చరిత్ర చెప్పాను. అడవి కొట్టి పట్టాలు వేశారని ఓ రోజు పాఠం పైకి చదువుకుంటుంటే పిన్ని అడ్డొచ్చింది.

"కొట్టినోళ్లు సరే. ఆ పూట ఆళ్లకి కూడు ఎవులొండినారు? రాసినారేటి?"

పుస్తకమంతా వెతికాను. రాయలేదు.

రిటైర్మెంట్లయ్యాక రెండు కుటుంబాలవాళ్లం పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నాం. మధ్యలో సందు వదలమన్నాడు మేస్త్రీ, గాలి కోసం.

"గాలికేటి దాదా, కిటికీలోంచొస్తాది. సందుంటే సప్పుడు రాదు" అంది పిన్ని. ఒకటే గోడ లేచింది.

ఇప్పుడు నాకు సాయంత్రమంటే భయం. రైలింజన్ల షెడ్డులో పనిచేసే మా అబ్బాయి "ఫోనుంది కదమ్మా" అంటాడు. జారిపడ్డాక ఫోను దాకా నడిచెళ్లేదెవరో చెప్పడు.

మా ఇంటి రెండో వాటాలో ఈ నెలే ఓ బెంగాలీ పిల్ల దిగింది. మొగుడు ఫ్యాక్టరీ షిఫ్టుకెళ్తే మధ్యాహ్నం నుంచే గడియ వేసుకుంటుంది. నిన్న దీపం పెట్టి, ఆ వైపు గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను.

జవాబు లేదు. తనకీ ఎవరూ చెప్పలేదు కదా.

బండ పట్టుకునే వెళ్లి తలుపు తట్టాను. లోపల గడియ మీద చెయ్యి పడి ఆగిన చప్పుడు. "ఉన్నావా?" అన్నాను, ఆ రెండు దెబ్బలూ తలుపు మీద మెల్లగా కొడుతూ.