ఏ తుపాకీ తియ్యాల బావా?

మా అత్త పోయింది. నేను జార్జ్ టౌన్‌లో కూరగాయలు కొంటుండగా ఆవిడ కూతురు, మా వదిన, ఫోన్ చేసింది. "అమ్మ పోనాది. అన్నం తిని తొంగున్నాది, మరి లేవలేదు," అని ఏడ్చేసింది. ఏరిన బెండకాయలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. సముద్రం మీది వంతెన దాటి సుంగై పెటాని చేరేదాకా ఆవిడ ముఖం కంటే ఆవిడ గొంతే నన్ను వెంటాడింది. "ఏ తుపాకీ తియ్యాల బావా?" అని తెల్లవారుజామున మావయ్యని అడిగే గొంతు.

మీలో ఎవరూ ఆవిణ్ణి ఎరిగి ఉండరు. అత్త మా నాన్నకి అక్క. ఈ మలయ్ దేశపు రబ్బరు తోటలోనే పుట్టి, అక్కడే రబ్బరు పాలు తీసి, ఆ తోట పామాయిలు తోటయ్యాక గెలల కింద రాలిన పళ్ళు ఏరింది. పొట్టి మనిషి. కైలీ అనే లుంగీ మీద మావయ్య పాత చొక్కా తొడుక్కునేది. ఆవిడ పేరు మీద రెండు తుపాకులకి లైసెన్సు ఉండేది. ఒకటి రైఫిలు, రెండోది జోడు గొట్టాల తుపాకీ.

తుపాకులు మొదట మావయ్యవి. తోటలో పందులు లేత మొక్కల్ని పెకిలించేస్తుంటే కాల్చడానికి ఆయన్నే పిలిచేవారు. అప్పట్లో జింకల వేటకి కూడా పర్మిటు ఇచ్చేవారు, తరవాత ఆపేశారు. జింకంటే ఇక్కడి రూసా, తెలుగులో కణుజు అంటామే, అది. దూడంత ఉంటుంది. మావయ్యకి చక్కెర జబ్బు చేసి చూపు మెల్లగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. తుపాకులు పోలీసులకి అప్పజెప్పేద్దామని ఆయన అంటే అత్త ఒప్పుకోలేదు. తనకి నేర్పమంది. కళ్ళు లేని మొగుడు అరుగు మీద కూర్చుని చెబుతుంటే పెరట్లో డబ్బాలు నిలబెట్టి నేర్చుకుంది. లైసెన్సు తన పేరు మీదికి మార్చుకోడానికి వెళితే స్టేషన్లో నవ్వారట. "నవ్వనీ. నవ్వినాక సంతకం పెట్టినారు కదా," అనేది నాతో.

నేను ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. అప్పటికే వదిన పెళ్ళయి క్లాంగ్ వెళ్ళిపోయింది. రాత్రి షిఫ్టు దిగి నేను ఇంటికొచ్చే వేళకి, వేటకెళ్ళే రోజైతే, అత్త వంటింట్లో టీ కలుపుతూ ఉండేది. మావయ్య అరుగు మీద కుర్చీలో మొహం వేటకెళ్ళే కొండవైపు తిప్పుకుని కూర్చునేవాడు. ఆయన టీ గ్లాసు అందుకున్నాకే అత్త అడిగేది, ఏ తుపాకీ తియ్యాలని.

ఆయన వెంటనే చెప్పేవాడు కాదు. గాలి పీల్చేవాడు. రాత్రి వాన ఎంత పడిందో అడిగేవాడు. రైఫిలుకి ఒక్క తూటా, దూరం పోతుంది, కానీ ఎదర ఖాళీ ఉండాలి. జోడు గొట్టాలది గుళ్ళు చిమ్ముతుంది, పొదల్లో దగ్గర దెబ్బకి అదే మంచిది. దూరం నుంచి దాంతో కొడితే జంతువు చావదు, గాయంతో పోతుంది. ఇదంతా అత్తకి ఆయన కంటే బాగా తెలిసిన రోజులొచ్చినా అడగడం మానలేదు. నేనోసారి నవ్వుతూ, "నీకు తెలీదా అత్తా, మావయ్యని అడుగుతావు?" అన్నాను.

"నాకు సూపున్నాది. ఆయనకి బుర్రున్నాది. రెండూ కలిస్తేనే ఒక మనిసి పిల్లా," అంది.

వేటకి తోడు పక్కింటి మలయ్ పెద్దాయన వచ్చేవాడు. పాచిక్ అని పిలిచేవాళ్ళం, బాబాయ్ అన్నట్టు. జంతువు పడిన వెంటనే, ప్రాణం ఉండగానే, ఆయన పరుగెత్తి వెళ్ళి దేవుడి పేరు చెప్పి గొంతు కొయ్యాలి. లేకపోతే ఆ మాంసం వాళ్ళింట్లో తినరు. దెబ్బ సరిగా తగిలి, పడినచోటు కళ్ళకి కనిపించేంత దగ్గరుండాలి. కాబట్టి ఏ తుపాకీ అన్నది రెండిళ్ళ కూర సంగతి. గాయపడ్డ జంతువు తప్పించుకుపోతే ఇద్దరూ దాని వెంట పడి తిరిగేవారు. "దెబ్బ తిని పారిపోయింది ఊరుకోదు పిల్లా. మనింటికొచ్చి మన మంచం పక్కనే కూకుంటాది," అనేది అత్త. అలా ఒకటి తప్పిపోతే రెండ్రోజులు అన్నం సరిగా తినలేదావిడ.

ఇక ఆ ఉదయం సంగతి. ముందు రాత్రి పెద్ద వాన. మావయ్య గాలి చూశాడు, తడి మట్టి వాసన చూశాడు. "రైఫిలు తియ్యి. కొండ కింద ఏటి ఒడ్డుకి దిగుతాది. అటంతా కాళీయే కదా, దూరం నించే దొరికిపోతాది," అన్నాడు. అత్త "సరే బావా" అంది. ఇనప బీరువా తాళం తీసింది. రైఫిలు బయటికి తీసి, దాని గొళ్ళెం ఒకసారి వెనక్కి లాగి ముందుకి తోసింది, ఆయనకి వినపడేలా. తరవాత దాన్ని చప్పుడు లేకుండా లోపల పెట్టి జోడు గొట్టాలది భుజాన వేసుకుంది. నేను గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి చూశాను. నా వైపు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

ఎందుకలా చేసిందో నాకప్పుడు అర్థం కాలేదు. మావయ్యా నేనూ మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఎండ పడే వేళకి కొండవైపు నుంచి తుపాకీ చప్పుడు వచ్చింది. రైఫిలు ఎండిన వెదురు చీలినట్టు పేలుతుంది. ఇది బరువుగా, ఖాళీ పీపాని కర్రతో కొట్టినట్టు వచ్చింది. మావయ్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "పిల్లా, మీ యత్త ఏది తీసుకెళ్ళినాది?" అన్నాడు. టీ చల్లారిపోయింది, వేడి చేసి తెస్తానని గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళాను. ఆయన మళ్ళీ అడగలేదు.

అత్తా పాచిక్కూ రూసాతో తిరిగొచ్చారు. మంచి దెబ్బ, పడినచోటే పడిందట. పాచిక్ సంబరంగా వాటాలు వేస్తుంటే మావయ్య కుర్చీలోంచి లేవలేదు. పాచిక్ వెళ్ళిపోయాక అత్త వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"ఏటి బావా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాది. ఏటి ఒడ్డు మూసుకుపోనాదా?"

అత్త కైలీకి అంటుకున్న ముళ్ళు పీకసాగింది.

"నాను సూసినప్పుడు నరికీసినారు. మోకాలెత్తు మొక్కలు. ఇప్పుడేటున్నాదక్కడ?"

"పెద్ద సెట్లయిపోనాయి బావా. కింద తుప్పలు. నడిసీడానికే దారి లేదు. ఎన్నేళ్ళయిందనుకున్నావు?"

ఆయన చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మరి నాకెందుకు సెప్పలేదు? ఇన్నాళ్ళూ లేని కొండకేసి సూసి సెప్తన్నానా నాను? నువ్వు తలూపి నీకు నచ్చింది పట్టుకెళ్తన్నావా?"

"నువ్వు సెప్పీటప్పుడు నీ మొకం ఎలిగిపోతాది బావా. ఆ కొండ పోనాదని ఎలాగ సెప్పను?"

ఆ మాటకి ఆయన ఏడ్చాడు. చూపు పోయినప్పుడు కూడా ఏడవలేదని అత్త తరవాత నాతో చెప్పింది. ఆ పూట కూర వండితే ఆయన ముట్టలేదు. మర్నాడూ అంతే. "ఇకమీద నన్నడక్కు," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఇంట్లో రేడియో మాత్రం తమిళంలో పాడుతూ ఉండేది.

అత్త బతిమాలలేదు. ఆ ఆదివారం పాచిక్‌ని పిలిచి, మావయ్యని మోటారు సైకిల్ వెనక కూర్చోబెట్టి, తాను వెనకాల నడిచి కొండ కిందికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. అక్కడ ఆయన చెయ్యి పట్టుకుని ప్రతి చెట్టు దగ్గరా ఆపింది. మానుకి చెయ్యి ఆనించింది. భుజాలెత్తు పెరిగిన తుప్పల్లోకి నడిపించింది. ఆయన చొక్కాకి ముళ్ళు పట్టుకున్నాయి. ఏటి చప్పుడు దగ్గరగా వినిపిస్తూనే ఉంది, కానీ నీటి దగ్గరికి దిగలేకపోయాం. ఆయన అక్కడే నిలబడి, పాచిక్‌తో మలయ్‌లో, "అంతా అడవి అయిపోయింది," అన్నాడు. పాచిక్ "అవునన్నా," అని తల వంచుకున్నాడు.

తిరిగొచ్చాక మావయ్య అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "నాకు కనపడనిది నువ్వు సెప్పకపోతే ఇంకెవురు సెప్తారు?" అన్నాడు.

"సెప్తాను. కానీ నువ్వూ నా మాట కాదనాల, తగువాడాల. ఊరికే తలూపీది ఇద్దరికీ వద్దు. మాట కలవకపోతే ఆ రోజు ఎల్లను, ఇంట్లోనే ఉంటాను."

అప్పట్నుంచి ఆ ఇంట్లో తెల్లారి టీ వేళ తగువులు మొదలయ్యాయి. ఎక్కడ చెట్టు పడిందో, ఎక్కడ కొత్తగా నరికారో, పాదముద్రలు ఎటు పోయాయో అత్త చెప్పేది. ఆయన కాదనేవాడు. ఆవిడ గొంతు పెంచేది. పాచిక్ బయట మోటారు సైకిల్ మీద కూర్చుని సిగరెట్ తాగుతూ ఎదురు చూసేవాడు. కొన్నిసార్లు వాళ్ళ తగువు తేలక వేట మానేసి, ముగ్గురూ కూర్చుని రొట్టె తినేవారు. ఆ మానేసిన రోజుల్లోనే వాళ్ళు ఎక్కువ నవ్వారనిపిస్తుంది నాకు.

మావయ్య పోయిన తరవాతి ఏడు, వేట పర్మిట్లు ఇంకా ఇస్తుండగానే, పాచిక్ వచ్చి పిలిచాడు. ఆ రోజు నేనింట్లోనే ఉన్నాను. అత్త చొక్కా తొడుక్కుంది. టీ కలిపింది. బీరువా తెరిచి రెండు తుపాకుల ముందూ నిలబడింది. ఎంతకీ ఏదీ తియ్యలేదు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏదైనా ఒకటి తీసుకో అత్తా, పాచిక్ చూస్తున్నాడు."

"ఎవుర్తో తగువాడి తీస్తాను పిల్లా?" అంది. బీరువా మూసేసింది.

కొన్నాళ్ళకి తుపాకులు తిరిగిచ్చేద్దామని నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళింది. బల్ల వెనకాల ఉన్న కుర్ర ఆఫీసరు మర్యాదస్తుడు, పిన్నీ అన్నట్టు పిలిచాడు. "పందులున్నాయి కదా మక్‌చిక్, ఒకటి ఉంచుకోండి. ఏది కావాలో చెప్పండి," అన్నాడు. ఆవిడ రైఫిలు మీద చెయ్యి వేసింది, తీసింది. జోడు గొట్టాలదాని మీద వేసింది. అలాగే నిలబడిపోయింది. వెనక వరసలో జనం ఎదురు చూస్తున్నారు. "అత్తా," అన్నాను మెల్లగా. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తోడు తప్పిపోయిన మనిషి చూపు అది. "రెండూ తీసుకో నాన్నా," అంది ఆ కుర్రాడితో, తెలుగులోనే. అతనికి భాష తెలియదు, కానీ తల ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగే ముందు, "బరువు దిగిపోతాదనుకున్నాను. దిగలేదు," అంది.

ఆ తరవాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. మిరప మొక్కలు వేసింది. వదిన క్లాంగ్ రమ్మంటే వెళ్ళి, వారం కాకముందే తిరిగొచ్చేసేది. నాకు ఫోన్ చేసి మా పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారా అని అడిగేది. వాళ్ళకి అర్థమవుతుంది గానీ మాట రాదంటే, "తిట్టు. తిడితే బేగి వస్తాది," అని నవ్వేది. మంచి మాటలు చాలామంది చెప్పారు నాకు. ఎదుటి మనిషిని నొప్పించకూడదని తలూపడం ప్రేమ కాదని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నా సంసారంలో అది ఎన్నిసార్లు పనికొచ్చిందో చెప్పలేను.

దహనం పట్టణం చివరి శ్మశానంలో జరిగింది. వాన తుంపర పడుతోంది. వదినా, నేనూ, పాత తోటవాళ్ళు కొందరం. కంచె బయట పాచిక్ నిలబడి ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. హెల్మెట్ ఛాతీకి ఆనించుకుని, తడుస్తూ, లోపలికి రమ్మంటే చెయ్యి గుండె మీద పెట్టి తల వంచాడు గానీ కదల్లేదు. అంతా అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు. జనం వెళ్ళిపోయాక హెల్మెట్ పెట్టుకుని మోటారు సైకిల్ స్టాండు తీశాడు. ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని ఎర్రమట్టి దారిలో మెల్లగా తోసుకుంటూ నడిచాడు. మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా నేను చెవి అటే పెట్టుకుని నిలబడ్డాను. ఇంజను చప్పుడు ఎంతకీ వినపడలేదు.