సత్తెనపల్లి బస్సులో ఒక ఖైదీ

ఎనభైల్లో విశాఖలో అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయశాస్త్రం చదువుతూ, ఒకసారి పనిమీద గుంటూరు వచ్చి సత్తెనపల్లి బస్సెక్కాను. ఎదురు సీట్లో ఒక కానిస్టేబుల్, పక్కన రెండు చేతులకూ బేడీలతో ఒక ముసలి రైతు. గొలుసు కొస కానిస్టేబుల్ దగ్గరుంది. కోర్టు వాయిదాకు తీసుకెళ్తున్నాడట.

దారిలో కానిస్టేబుల్ క్యారేజీ విప్పి, పెరుగన్నం ముద్ద కలిపి ఆయన నోటికందించాడు. "తిను బాబాయ్" అన్నాడు. పోలీసు ఖైదీని వరస పెట్టి పిలవడం నేనెన్నడూ వినలేదు.

ఉండబట్టలేక అన్నాను. "బేడీలు తీస్తే ఆయనే తింటాడు కదండీ. ఖైదీ అయినా మనిషేనని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. మన దేశమూ ఒప్పుకుంది."

కానిస్టేబుల్ ముఖం మాడిపోయింది. "ఈయన పారిపోతే నా ఉద్యోగం పోయిద్ది సార్. నా పిల్లలకి ఆ దేశాలు అన్నం పెడతాయా?"

రైతు కంగారుగా నా వైపు వంగాడు. "గొడవ పెట్టుకోమాకండి బాబూ. కిందటిసారి వచ్చినాయన దాహమన్నా నీళ్లివ్వలా. ఈ అబ్బాయి మా పక్కూరోడు. మీరు పైవాళ్లకి చెబితే ఇతన్ని మార్చేస్తారు."

నేను చదివినదాంట్లో ఆయనకు పనికొచ్చే ముక్క ఒక్కటీ తోచలేదు.

సత్తెనపల్లిలో దిగేటప్పుడు ఆయన నాకు నమస్కారం పెట్టాడు. బేడీల వల్ల ఆ చేతులు అప్పటికే దగ్గరగా ఉన్నాయి. నేను తిరిగి నమస్కరించేలోపే కానిస్టేబుల్ గొలుసు లాగాడు.